పంతులుగారు మేయరైన ముచ్చట

జర మంట దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఫోను జేబుల పెట్టు, అది యాడికీ పోదు. మొన్నటి సంది చూస్తున్న, ఏ వార్డుల ఎవరు నిలబడుతరు, చైర్మన్ కుర్చీ ఎవరికి పోతది అని మీ దోస్తులంత ఒకటే ముచ్చట. మంచిదే. మన చిట్యాల మొన్నమొన్నటి దాక గ్రామ పంచాయతే. 2018ల మున్సిపాలిటీ అయింది, 2020 జనవరిల మొదటి ఓట్లు పడ్డయి. ఊరు పట్నమైతున్నప్పుడు, పట్నాన్ని నడిపెటోళ్ల పని ఎట్లుంటదో తెల్వాలె గదా. అందుకే ఇయ్యాల హైదరాబాదుకు మొట్టమొదటి మేయరైన పెద్దమనిషి ముచ్చట చెప్త. మాడపాటి హనుమంతరావు పంతులుగారు. ఇంటర్ల ఆయన పేరు బిట్టు ప్రశ్నల చదివి మరిచిపోయి ఉంటవు. ఇప్పుడు తీరిగ్గ ఇను.

ముందుగాల ఆ కాలం ఎట్లుండెనో చెప్పకపోతే ఆ మనిషి నీకు సమజ్ గాడు. ఇప్పుడు మన ఊరి పక్క నుంచి కార్లు ఉరికే ఈ సడక్‌ను గప్పుడు బెజవాడ సడక్ అంటుండిరి. దాని మీద ఎడ్లబండ్లు, గొర్ల మందలు, అప్పుడప్పుడు దుమ్ము లేపుకుంట నిజాం రైల్వేవాళ్ల బస్సు. అవును, బస్సులు గూడ రైల్వేవాళ్లయే. 1932ల 27 బస్సులతోటి మొదలుపెట్టిన్రు. రైలు ఎక్కాల్నంటే భువనగిరి పోవాలె, మన దిక్కు పట్టాలు పడ్డది చాన ఏండ్లకు. పట్నం పోయెటోళ్లు జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డ మూటగట్టుకొని పోతుండిరి. హోటల్ల తిన్నడంటే ఇంట్ల ముసలోళ్లు నెల రోజులు దెప్పుతుండిరి. పట్నం పోయొచ్చిన మొగోడు అరుగు మీద కూసొని చార్మినార్ ఎంత ఎత్తున్నదో చెప్తుంటే, చెప్పినప్పుడల్ల అది ఇంకో గజం పెరుగుతుండె. ఇనెటోళ్లకు ఆ సంగతి ఎరికే, అయినా ఆపకపోతుండిరి.

పైసలు గూడ మన పైసలు వేరు. నిజాం రాజ్యంల హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్లది కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. కోదాడ దాటి నందిగామ దిక్కు చుట్టపోళ్ల ఇంటికి పోతే, పెండ్లి కట్నం చదివించే కాడ ఇది ఏ రూపాయి అని ముందు అడిగి తర్వాత రాసుకుంటుండిరి. నడుమ కరోడ్‌గిరి నాకా, అంటే సరిహద్దు సుంకం చౌకీ. అక్కడ మూట విప్పి చూపియ్యాలె. పుట్టింటి నుంచి వస్తున్న ఆడిబిడ్డ చీరసారె గూడ విప్పించెటోళ్లు. నీ వయసోళ్లకు ఇది కథ లెక్క ఉంటది గని, మా అవ్వ ఆ నాకా పేరెత్తితే శాపనార్థాలే పెడుతుండె.

సరే, సరిహద్దు మాట వచ్చింది గనుక అక్కడి నుంచే పంతులుగారి కాడికి వస్త. ఆయన పుట్టింది 1885 జనవరి 22న, అదే నందిగామ తాలూకా పొక్కునూరుల. చిన్ననాడే తండ్రి పోయిండు. తల్లి పిల్లగాన్ని తీసుకొని పుట్టింటోళ్ల ఆసరకు వచ్చింది. మేనమామల నీడన పెరిగి, సూర్యాపేటల చదువు మొదలుపెట్టి, హనుమకొండల మెట్రిక్ దాక చదివిన్రు. ఇన్నవా, సూర్యాపేట! మన బెజవాడ సడక్ మీదున్న ఊరే. అట్ల పుట్టుక అవతలిదైనా పెంపకం మన దిక్కుది. గప్పుడు చదువంటే ఉర్దూ, ఫారసీ. తాసిల్ కచ్చేరీల కాగితం పెట్టాల్నన్నా, కోర్టుల మొర చెప్పుకోవాల్నన్నా ఉర్దూనే. తెలుగు పిల్లలు తెలుగును వీధి బడిల ఇసుక మీద దిద్ది, రామాయణం భారతం పురాణ కాలక్షేపంల ఇని నేర్చుకునుడే. పంతులుగారు ఉర్దూను ఎంత బాగ పట్టిన్రంటే, ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు ఆయన వ్యాసాలు రాస్తుండిరి. కొన్నేండ్లు సర్కారు కొలువు చేసి, వకాలత్ పరీక్ష పాసై, 1917ల వకీలైన్రు. ఈ ఉర్దూ ముచ్చట గుర్తుపెట్టుకో, మేయరు కుర్చీ కాడ మళ్ల పనికొస్తది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చైర్మన్ అంటే దండ, కారు, ముంగట నలుగురు పిల్లగాండ్లు అనుకుంటరు. ఈయన మేయరు గాక ముందు ముప్పై ఏండ్ల పైన చేసింది ఏ పని అనుకున్నవు? కార్యదర్శి పని. అందరు పల్లకి ఎక్కితే మోసెటోళ్లు ఎవరు అంటరు గదా, ఆ మోసే పని ఈయన ఇష్టపడి నెత్తికెత్తుకున్నరు.

1901ల పట్నంల రావిచెట్టు రంగారావుగారి ఇంట్ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టిన్రు. నిజాం రాజ్యంల తెలుగు పుస్తకాల కోసం పెట్టిన ఇల్లు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు దానికి దన్నుగ నిలబడ్డరు. రావిచెట్టువారు మన నల్లగొండ జిల్లావాళ్లే, మునగాల సూర్యాపేటకు అవతలనే ఉన్నది. 1904ల హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లేచింది. దాంట్ల వయసు పిల్లగాడిగ పనిచేసిన పంతులుగారు, పట్నం వచ్చినంక కృష్ణదేవరాయ నిలయానికి చాన ఏండ్లు కార్యదర్శిగ ఉన్నరు. కార్యదర్శి అంటే ఏందో తెలుసునా? చందా రాసినోని ఇంటికి పోయి చందా అడగాలె, వాడు రేపు రమ్మంటే రేపు పోవాలె. పుస్తకం తీసుకపోయినోడు తేకపోతే కార్డు రాయాలె. సభ పెడితే జంపఖానాల కాడి నుంచి దీపంల నూనె దాక చూడాలె. సభల ఎవరేమన్నరో రాసిపెట్టాలె. అధ్యక్షుని మెడల దండ, కార్యదర్శి చేతుల పద్దు. అట్లాంటి పని ఏండ్లకేండ్లు చేసినోనికి మనుషులు ఎట్లా మాట తప్పుతరో, ఎట్లా మళ్ల దారికొస్తరో తెలుస్తది. మనిషి గుణం చందా అడిగిన కాడ బయటపడుతది బిడ్డా, నాకు మా ఊరి గుడి కమిటీల అనుభవం.

1921 నవంబర్ 12. పట్నంల వివేకవర్ధిని థియేటర్ల సంఘ సంస్కార సభ. పూనా నుంచి కార్వే గారు వచ్చి అధ్యక్షత వహించిన్రు, అదే ఆడపిల్లల చదువు కోసం విశ్వవిద్యాలయం పెట్టిన మహానుభావుడు. వేదిక మీద ఒగలు ఇంగ్లీషుల మాట్లాడిన్రు, ఒగలు ఉర్దూల, ఒగలు మరాఠీల. అందరూ ఇన్నరు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల మొదలుపెట్టంగనే, చప్పట్లు చరిచి, కేకలు పెట్టి, ఆయనను మాట్లాడనియ్యలే. ఆలోచించు, ఆ రాజ్యంల సగం మంది మాట్లాడేది తెలుగే. చదువుకున్నోళ్లు, సంస్కారం కోసమే సభ పెట్టుకున్నోళ్లు, పక్కింటోని భాషకు నవ్విన్రు. మనిషి బుద్ధి ఎంత చదివినా అక్కడక్కడ చిల్లులు పడే ఉంటది. ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్ల పదకొండు మంది కూసొని ఆంధ్ర జనసంఘం పెట్టిన్రు. కొండా వెంకటరంగారెడ్డిగారు అధ్యక్షులు. కార్యదర్శి ఎవరు? ఇంకెవరు, పంతులుగారే.

అవమానం జరిగిన కాడ ఎదురుతిట్లు తిట్టి ఇంటికి పోతే, తెల్లారి దాంట్ల ఏం మిగలది. వీళ్లు ఆ కోపాన్ని ఒక రిజిష్టరు బుక్కుల రాసిపెట్టిన్రు. హనుమకొండ, నల్లగొండ, మధిర, సూర్యాపేట అనుకుంట సభలు తిప్పిన్రు. 1922ల మన నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రిక తెచ్చిన్రు. 1926ల సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వచ్చింది, ఆయన పాలమూరు దిక్కు మనిషి. ఊరికొక్క పత్రిక వస్తే, అక్షరం వచ్చినోడు ఒగడు రచ్చబండ మీద చదివితే ఇరవై మంది ఇంటుండిరి.

ఇగ వెట్టి ముచ్చట. దీని కాడ నేను జర నిలబడుత, నువ్వు తొందర పెట్టకు. గిర్దావరో, అమీనో, తాసిల్దారో ఊరికి దౌరా వచ్చిండంటే ఊరు ఊరంత గజగజ. గొల్లోళ్లు మేకను తెచ్చి కట్టెయ్యాలె. కుమ్మరాయన కొత్త కుండలు తేవాలె. చాకలాయన బట్టలు పిండాలె, రాత్రి కాళ్లు పిసకాలె. వాడలోళ్లు మూటలు మోయాలె, కబురు పట్టుకొని గుర్రం ముంగట పక్కూరి దాక ఉరకాలె. దుకాణం షావుకారు పప్పు, నెయ్యి, బెల్లం ఇయ్యాలె. పైసలు ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. ఇస్తే గూడ సాబు చెప్పిందే ధర. బజార్ల రూపాయి సరుకు కచ్చేరీ కాడికి పోయేసరికి పావలా అయ్యేది. సాబు పోయినంక పటేలు, పట్వారి అదే లెక్కన ఇంకో వారం నడిపిస్తుండిరి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు, పెద్ద సాబు వద్దన్నా చిన్న సాబు ఇడవకపోతుండె.

దీని మీద పంతులుగారి జనసంఘం ఏం చేసింది? కట్టె పట్టలే, రాయి పట్టలే. సర్కారు కాగితాలు ఎతికిన్రు. నిజాం సర్కారే ఎన్నడో వెట్టి చేయించొద్దు, సరుకు తీసుకుంటే బజారు ధర ఇయ్యాలె అని హుకుంలు తీసి, దస్తరంల కట్టిపెట్టి మరిచిపోయింది. అవన్ని ఉర్దూల ఉండె, ఊర్లల్ల ఎవనికి తెలుసు? వీళ్లు వాటి సంగతులు తీసి, తెలుగుల చిన్న చిన్న పుస్తకాలు అచ్చేసి, ఊర్లకు పంచిన్రు. వెట్టి చాకిరి గురించి ఒకటి, వర్తక స్వాతంత్ర్యం గురించి ఒకటి. ఇప్పుడు షావుకారు దుకాణంల గల్లాపెట్టె కింద ఆ చిన్న పుస్తకం ఉన్నదనుకో. సాబు మనిషి వచ్చి నెయ్యి కొలువుమంటే, అయ్యా, మీ సర్కారు మాటే ఇదుగో అని చూపెట్టొచ్చు. అందరు చూపెట్టిన్రని నేను అనను. ధైర్యం గూడ ఊరికొక్క తీరుగ ఉంటది. కని చూపెట్టినోనికి ఎనక ఒక సంఘం ఉన్నది, పట్నంల ఒక వకీలు ఉన్నడు, కార్డు రాస్తే జవాబు వస్తది. కత్తిపోటు తప్పినా కలంపోటు తప్పదంటరు. మన తాతలు కలంపోటు తినుడే ఎరుగుదురు, కలం తమ దిక్కు తిరుగుడు అదే మొదటిసారి చూసిన్రు.

కాగితంతోటి కొట్లాడుడు ఏం కొట్లాట అని నీ మనసుల ఉన్నది, నీ మొఖం చూస్తే తెలుస్తున్నది. నీ వయసుల నేను గూడ గట్లనే అంటుంటి. గప్పుడు గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండె. సభ పెట్టాల్నంటే సర్కారు అనుమతి కావాలె. ఎవరు మాట్లాడుతరు, ఏం మాట్లాడుతరు, అన్ని ముందే చెప్పాలె. దాన్ని తప్పించుకోకుండ, దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, షరతులు మోసుకుంట, 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ జరిపిన్రు. సురవరంవారు అధ్యక్షులు. రెండోది మన దేవరకొండల, 1931ల, బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షత. ఖమ్మంల మూడోది. 1935ల సిరిసిల్లల నాలుగోది, దానికి అధ్యక్షులు పంతులుగారు. ఎంట ఎంటనే మహిళా సభలు గూడ జరుగుతుండె. సిరిసిల్లల దానికి అధ్యక్షురాలు ఆయన భార్య మాణిక్యమ్మగారు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు గదా, అక్కడ ఇల్లూ రచ్చా ఒక్క పందిట్లనే గెలిచినయి.

ఆడపిల్లల మాట వచ్చింది. 1928ల నారాయణగూడల తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టిన్రు. తెలుగుల చదువు చెప్పే ఉన్నత పాఠశాల. మన రాజ్యంల తెలుగు చదువుకు గుర్తింపు దొరకకపోతే, పూనాల ఉన్న కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయంతోటి సంబంధం కలిపి పరీక్షలు రాయించిన్రు. చూసినవా, 1921ల ఏ కార్వేగారి సభల తెలుగుకు నోరు మూయించిన్రో, ఆ కార్వేగారి విద్యాలయమే తెలుగు బడికి ఆసర అయింది. ఆ రోజుల్ల ఆడపిల్లను బడికి పంపుమంటే పెద్దోళ్లు ఏమంటుండిరో చెప్తే నీకు కోపమొస్తది. మా ఇంట్లనే, ఉత్తరాలు రాసుడు నేర్చుకుంటే పిల్ల ఎవనికి రాస్తదో అని ఒకాయన అన్నడట. ఆయన బిడ్డకే పెండ్లయినంక కష్టమొచ్చి, రాయరాక, ఆర్నెల్ల దాక పుట్టింటికి కబురు అందలే. ఆ మాట ఇక్కడికి ఇడుస్త, లేకుంటే రాత్రంత మా ఇంటి ముచ్చటే అయితది.

పంతులుగారిని మితవాది అన్నరు. అన్నోళ్లల్ల మన దిక్కోళ్లే ఎక్కువ. 1941ల హుజూర్‌నగర్ పక్క చిలుకూరుల మహాసభ, బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. 1944ల భువనగిరిల మళ్ల ఆయనే. అప్పటికి సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది, కూలినాలి చేసెటోళ్లు గూడ నాలుగణాలు చేతుల పట్టుకొని వచ్చిన్రు. భువనగిరి కాడ సంఘం రెండుగ చీలింది. పడుచోళ్లు, కమ్యూనిస్టులు ఒక దిక్కు, పాతోళ్లు ఇంకో దిక్కు. మన చిట్యాల సుట్టుపక్కల ఏ ఇంటికి పోయినా ఆ సంఘం దిక్కే ఉండిరి. వాళ్లు తర్వాత ఏం మోసిన్రో, మన గుండ్రాంపల్లి రజాకార్ల చేతుల ఏం పాలైందో నీకు తెలుసు, అది ఇంకో రాత్రి చెప్పే ముచ్చట. నేను రావివారి పేరు ఇన్నా చేతులెత్తి దండం పెడుత. అయితే ఒక మాట చెప్తనే ఉంట. భువనగిరిల నాలుగణాల జనం నిలబడ్డ నేల, ఇరవై ఏండ్ల కింద కార్డులు రాసి, దరఖాస్తులు పెట్టి ఈ పంతులు సాఫు చేసిన నేల. మొదటి సాలు దున్నినోన్ని మరువొద్దు.

1948 సెప్టెంబర్ల పోలీసు యాక్షను, నిజాం రాజ్యం పోయింది. ఇప్పుడు బల్దియా ముచ్చటకు వచ్చినం. పట్నానికి బల్దియా, అంటే మున్సిపాలిటీ, 1869 సంది ఉన్నది, సాలార్‌జంగు కాలం నుంచి. మూసీకి ఉత్తరాన చాదర్‌ఘాట్ దిక్కు వేరే బల్దియా. 1908ల మూసీ వరద వచ్చి వేలమందిని మింగినంక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి చూసి, గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టాలన్నరు. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కు అయినయి. 1912ల ఆరాయిష్ బల్దా అని ఊరిని బాగు చేసే సంస్థ పెట్టిన్రు. 1933ల రెండు బల్దియాలను కలిపి కార్పొరేషన్ చేసిన్రు గని, 1942ల ఆ హోదా తీసేసిన్రు. 1950ల కొత్త చట్టంతోటి మళ్ల కార్పొరేషన్ వచ్చింది. 1951ల కార్పొరేటర్లు కూసొని పంతులుగారిని మేయరుగ ఎన్నుకున్నరు. అప్పటికి ఆయనకు అరవై ఆరేండ్లు.

ఆ ఏడు ఎట్లాంటిదో గూడ చూడు. ఏప్రిల్ 18న మన పక్క పోచంపల్లిల వినోబా భావేగారు భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు వంద ఎకరాలు ఇస్తనని లేచి నిలబడ్డరు. అక్టోబర్ల కమ్యూనిస్టులు తమ సాయుధ పోరాటం ఆపిన్రు. ఆ చలికాలంల మొదటి సాధారణ ఎన్నికలు. రావి నారాయణరెడ్డిగారు నల్లగొండ నుంచి నెహ్రూగారికన్న ఎక్కువ మెజారిటీతోటి గెలిచిన్రు. ఊర్లల్ల ఇదంత జరుగుతుంటే, పట్నంల మొదటిసారి ఒక ముసలాయన మేయరు కుర్చీల కూసున్నడు.

మేయరంటే సడకులు వేయిస్తడు, నల్లాలు పెట్టిస్తడు అనుకుంటున్నవు గదా? ఇను. బల్దియాల తాళం చెవులు కమిషనరు దగ్గర ఉంటయి. ఆయన సర్కారు పంపిన అధికారి. ఖర్చు, నౌకర్లు, కాగితాల మీద దస్కతు, అన్ని ఆయనవే. మేయరు సభను నడుపుతడు, అంతే. గప్పుడు మేయరుకు ఏడాదే గడువు, ఏడాది కాంగనే మళ్ల ఎన్నుకోవాలె. అది పెండ్లిల పెద్దమనిషి పని లెక్క ఉంటది. వంట ఆయన చేయడు, పైసలు ఆయనవి గావు, పెండ్లికొడుకు ఆయన గాడు, అయినా ఆయన లేకపోతే పందిట్ల అలకలు తీరయి. ఇట్లాంటి కుర్చీల గొంతు పెద్దగ ఉన్నోడు కూసుంటే కమిషనరుతోటి రోజూ కొట్లాట. మెత్తటోడు కూసుంటే ఉత్త దండల మేయరు. కాగితం చదవొచ్చినోడు, రూల్సు తెలిసినోడు, నలుగురిని ఒక మాట మీదికి తెచ్చే ఓపిక ఉన్నోడు కావాలె. ముప్పై ఏండ్లు సర్కారు హుకుంలు ఎతికి ఎతికి చదివిన వకీలు కన్న ఇంకెవరు కావాలె? సర్కారు కాగితాన్ని చూసి భయపడకుండ, దాంట్ల మనకు పనికొచ్చే అక్షరం ఏదో చూసుడు ఆయనకు ఎన్నటి సందో అలవాటు.

ఇంకో సంగతి, నేను గుర్తుపెట్టుకోమన్న ఉర్దూ. పట్నంల అప్పటికి పది లక్షల చిల్లర జనం. పాతబస్తీల ఉర్దూ, సుల్తాన్‌బజార్ దిక్కు మరాఠీ, బేగంబజార్ల మార్వాడీలు, అరవలు, కన్నడిగులు, తెలుగోళ్లు. రజాకార్ల కాలం, పోలీసు యాక్షను దాటి మూడేండ్లు గూడ నిండలే. ముస్లింల గుండెల్ల భయం, హిందువుల గుండెల్ల పాత కోపం. ఏ కార్పొరేటరు లేచి ఏ మాట అంటే ఎవరికి ఎక్కడ తగులుతదో తెల్వది. ఆ సభ నడిపే మనిషికి తెలుగు మీద ఎంత ప్రేమో, ఉర్దూ మీద అంత అధికారం. తన భాషకు అవమానం జరిగితే సంఘం పెట్టిన మనిషి, ఎదుటోని భాషను తప్పుపట్టలే, నేర్చుకొని దాంట్లనే రాసిండు. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదంటరు. ఆ రోజుల్ల పట్నానికి కావాల్సిన మంచి నోరు ఆయనది. నా మటుకు నాకు ఆయన మేయరుగిరీల అన్నిటికన్న పెద్ద సంగతి ఇదే అనిపిస్తది.

అట్లని అంత సల్లగ జరిగిందనుకోకు. 1952 సెప్టెంబర్ల ముల్కీ గొడవ లేచింది. బయటోళ్లకు కొలువులు ఇస్తున్నరని పిల్లలు సడకులెక్కిన్రు, సిటీ కాలేజీ దిక్కు పోలీసులు కాల్పులు జరిపితే పిల్లలు చచ్చిపోయిన్రు. అప్పటి ముఖ్యమంత్రి బూర్గులవారు, దేవరకొండ సభల అధ్యక్షులుగ ఉన్నాయనే. మేయరు పంతులుగారు. ఇద్దరు పాత సంఘంల భుజం భుజం కలిపి పనిచేసినోళ్లు. ఒకప్పుడు తెలుగోళ్లకు కొలువుల్ల చోటు లేదని దరఖాస్తులు రాసిన చేతులు, పిల్లల నెత్తురు జూసి ఎట్ల వణికి ఉంటయో! కుర్చీ ఎక్కినంక పాత న్యాయాలన్ని కొత్త మొఖంతోటి ఎదురొస్తయి బిడ్డా. రేపు మీ వార్డు మెంబరుకు గూడ వస్తయి.

1954 దాక ఆయన మేయరుగ ఉన్నరు. 1955ల పద్మభూషణ్ ఇచ్చిన్రు. 1958ల ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడితే దానికి మొదటి చైర్మన్, 1964 దాక. చూసినవా, అక్కడ గూడ సభ నడిపే పనే. నిండుకుండ తొణకదని అందుకే అంటరు. జనం ఆంధ్ర పితామహుడని పిలిచిన్రు. 1970 నవంబర్ 11న పోయిన్రు.

ఆయన తర్వాత ఆ కుర్చీల కూసున్నోళ్లు చాన మంది, అందరి పేర్లు చెప్తే నీకు నిద్రొస్తది. ఒక్కామె గురించి చెప్పకుండ మాత్రం ఇడవను, ఎందుకంటే ఆమె మన దక్షిణ తెలంగాణ ఇంటి కోడలు. రాణి కుముదినీదేవిగారు. వరంగల్ దిక్కు పింగళివారి బిడ్డ, వనపర్తి సంస్థానం కోడలు. సంస్థానం రాణివాసమంటే కిటికీ తెర తీసి చూసుడు గూడ కష్టమున్న రోజులు. ఆమె 1962ల వనపర్తి నుంచి ఎమ్మెల్యేగ గెలిచిన్రు, ఆ ఏడే హైదరాబాదుకు మొదటి ఆడ మేయరైన్రు. దానికి ముందే, 1958ల, కూకట్‌పల్లిల కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టిన్రు. ఆ రోజుల్ల కుష్ఠు అంటే కన్నోళ్లే ఊరి బయట ఇడిసిపెట్టి వస్తుండిరి, నీళ్లు గూడ దూరం నుంచి పోస్తుండిరి. మన ఊరి బయట గుడిసెల అట్లాంటి ముసలామె ఉండె. మా అవ్వ గటక తీసుకపోయి రాయి మీద పెట్టి వచ్చేది, తెలిసిన నాడు ఇంట్ల లొల్లి. అట్లాంటి కాలంల రాణివాసపు మనిషి వాళ్ల దగ్గరికి నడుసుకుంట పోయి నిలబడ్డరు. పంతులుగారిది కాగితం దారి, ఆమెది చేతుల దారి. ఏది గొప్పదని నన్ను అడగకు, నేను రెంటికీ మొక్కుత. 2009ల పోయిన్రు ఆమె.

ఇప్పుడా పట్నం పాత లెక్కలకు అందదు. 1960ల సికింద్రాబాదు వచ్చి కలిసింది, 2007ల సుట్టున్న పన్నెండు మున్సిపాలిటీలు కలిసి గ్రేటర్ అయింది. ఇటు మన సడక్ మీద ఇండ్లు చూస్తే, పట్నం ఒక రోజు మన అరుగు కాడికే వస్తదేమో. అప్పుడు మీ పిల్లలు మేయరును ఎన్నుకునే కార్పొరేటరుకు ఓటేస్తరు.

పంతులుగారు తన కాలం సంగతంత తెలంగాణ ఆంధ్రోద్యమం అని రెండు భాగాలుగ రాసిపెట్టిన్రు. ఏ సభ ఏ ఊర్ల జరిగింది, ఎవరు అడ్డం పడ్డరు, ఎవరు ఆసర అయిన్రు, అంత ఉన్నది. ఎవరినీ తిట్టుకుంట రాయలే. లైబ్రరీల దొరుకుతది, చిన్న అక్షరాలని ఇడిసిపెట్టకు. ఎల్లుండి నువ్వు కోచింగు ఫీజు కట్టనీకి పట్నం పోతనన్నవు గదా. చాదర్‌ఘాట్ కాడ బస్సు దిగి, కాచిగూడ మీదుగ నారాయణగూడకు పో. ఆడపిల్లల బడి అడిగితే ఎవరైనా చూపిస్తరు, దానికి ఇప్పుడు మాడపాటి హనుమంతరావు పేరే. పనిరోజు పొద్దుగాల పోతే, పిల్లలు బడిలకు పోయే టైముకు చేరుతవు.